ఆక్సిజన్ 97 ఉన్నా దమ్ము ఎందుకు వస్తది? గుండె బలహీనతలో ఊపిరి, నడక, ఓపిక

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. పరకాల దగ్గరి ఊళ్లో ఉండే మీ బాపుకు 58 ఏళ్లు, బరువు 60 కిలోలు. ఏడాది కింద గుండెపోటు వచ్చి స్టెంట్ వేశారు. ఎకో (గుండె స్కానింగ్)లో ఈఎఫ్, అంటే గుండె కొట్టుకున్న ప్రతిసారీ తనలోని రక్తంలో బయటికి పంపే వంతు, 30 శాతం. ఇంటి నుంచి పొలం ఒడ్డు దాకా 200 మీటర్లు నడిస్తే మధ్యలో రెండుసార్లు ఆగాల్సి వస్తోంది. వేలికి పెట్టే మిషన్ మాత్రం 97 చూపిస్తోంది, ఎక్స్‌రేలో నీరు లేదన్నారు. ఊపిరితిత్తులు బాగున్నప్పుడు దమ్ము ఎక్కడి నుంచి వస్తోంది? డాక్టర్ నడవమంటున్నారు, ఇంట్లోవాళ్లు మంచం దిగొద్దంటున్నారు, ఎవరి మాట వినాలి?

డాక్టర్ మాటే వినండి. ఎందుకో తెలిస్తే ఇంట్లోవాళ్ల భయం తగ్గుతుంది, మీ బాపుకూ నడవడానికి ధైర్యం వస్తుంది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు ఆ 97 సంగతి. బావిలో నీళ్లు నిండుగా ఉన్నా మోటరు గుంజలేకపోతే చివరి మడి ఎండిపోతుంది కదా. ఆక్సీమీటర్ బావిలోకి తొంగిచూసి ‘నీళ్లున్నాయి’ అని చెప్పే మిషన్. రక్తంలోని హిమోగ్లోబిన్‌లో ఎంత శాతం ఆక్సిజన్‌తో నిండి ఉందో అంతవరకే దానికి తెలుసు. నిమిషానికి ఎన్ని లీటర్ల రక్తం కాళ్లకు చేరుతోంది, ఆ 97ను నిలబెట్టడానికి ఛాతీ ఎంత కష్టపడుతోంది అన్నవి దానికి తెలియవు. రక్తహీనత కూడా దానికి కనపడదు. హిమోగ్లోబిన్ 15 ఉన్న మనిషి రక్తం లీటరుకు దాదాపు 200 మిల్లీలీటర్ల ఆక్సిజన్ మోస్తుంది. 10 ఉన్న మనిషిది 130 మాత్రమే మోస్తుంది. మిషన్ ఇద్దరికీ 97 అనే చూపిస్తుంది. గుండె బలహీనతలో ఊపిరితిత్తుల్లో నీరు చేరనంత కాలం, నడుస్తున్నప్పుడు కూడా ఆ అంకె సాధారణంగా పడిపోదు. కాబట్టి ‘97 ఉంది, ఆయన ఊరికే భయపడుతున్నాడు’ అనుకోవద్దు. ఆ దమ్ము నిజమైనదే.

ఇక లెక్క చూద్దాం. ఊరికే కూర్చున్నా శరీరం కిలో బరువుకు నిమిషానికి దాదాపు 3.5 మిల్లీలీటర్ల ఆక్సిజన్ వాడుతుంది. చదునైన దారిలో గంటకు 5 కిలోమీటర్ల వేగంతో నడవాలంటే దానికి మూడు రెట్ల పైన, అంటే 11-12 కావాలి. ఆరోగ్యంగా ఉన్న మనిషి గుండె విశ్రాంతిలో నిమిషానికి 5 లీటర్లు పంపుతుంది, గట్టిగా పని చేస్తే 15 లీటర్లు, అంతకన్నా ఎక్కువ కూడా పంపగలదు. బలహీనపడ్డ గుండె చాలామందిలో రెట్టింపు కావడానికే తంటాలు పడుతుంది. అలాంటి మనిషి ఎంత కష్టపడ్డా కిలోకు 14 మిల్లీలీటర్లు దాటలేడనుకుందాం. మామూలు నడకకే 11 అయిపోతే తన మొత్తం శక్తిలో 80 శాతం అక్కడే ఖర్చవుతోంది. పక్కన కబుర్లు చెబుతూ నడిచే మనిషికి అది నడకే, ఈయనకు మాత్రం పరుగుతో సమానం. ‘ఇంత కొంచెం నడకకేనా’ అనే మాట ఇంట్లో ఎవరూ అనకూడదు.

ఆ గరిష్ఠ ఆక్సిజన్ వాడకాన్ని ముఖానికి మాస్కు పెట్టి, సైకిల్ తొక్కించి గానీ ట్రెడ్‌మిల్ మీద నడిపించి గానీ కొలుస్తారు. దాన్ని కార్డియో పల్మనరీ ఎక్సర్‌సైజ్ టెస్ట్ అంటారు. కిలోకు 20 పైన వస్తే పరిమితి స్వల్పం, 16-20 తేలికపాటి నుంచి మధ్యస్థం, 10-16 గట్టి పరిమితి, 10 లోపు తీవ్రం. బీటా బ్లాకర్ (గుండె వేగాన్ని తగ్గించే మందు) వాడుతూ కూడా 12, అంతకన్నా తక్కువ వస్తే గుండె మార్పిడి గురించి ఆలోచించాల్సిన దశ.

అదే పరీక్షలో ఇంకో అంకె వస్తుంది. నా దృష్టిలో మీ ప్రశ్నకు అసలు జవాబు అందులోనే ఉంది. శరీరం తయారుచేసే ఒక్కో లీటరు బొగ్గుపులుసు వాయువును బయటికి పంపడానికి ఎన్ని లీటర్ల గాలి ఆడించాల్సి వస్తోందన్నదే ఆ అంకె. రిపోర్టులో వీఈ/వీసీఓ2 స్లోప్ అని రాస్తారు. మామూలుగా 30 లోపు ఉంటుంది. గుండె బలహీనతలో 34 దాటితే డాక్టర్లు జాగ్రత్త పడతారు, 45 చేరితే చాలా గట్టి హెచ్చరికగా చూస్తారు. 28 ఉన్నవాళ్లు 28 లీటర్ల గాలితో ముగించే పనికి 40 ఉన్నవాళ్లు 40 లీటర్లు ఆడించాలి. పని ఒకటే, కూలి మాత్రం ఒకటిన్నర రెట్లు. ఊపిరి సామర్థ్యం తగ్గిందంటే అర్థం ఇదే.

అంత గాలి ఎందుకు వృథా అవుతుంది? మొదటి కారణం ఊపిరితిత్తుల్లోకి గాలి వెళ్లినా అక్కడికి రక్తం సరిగ్గా రాకపోవడం. గుండె తక్కువగా పంపినప్పుడు ఊపిరితిత్తుల్లో కొన్ని భాగాలకు గాలి అందుతుంది గానీ రక్తం అందదు. అక్కడి గాలి పోయిన దారినే ఉత్తగా తిరిగొస్తుంది.

రెండోది ఊపిరి పైపైన ఆడటం. గుండె వెనక ఒత్తిడి పెరిగితే ఊపిరితిత్తులు తడిసిన దూదిలా బిగుసుకుంటాయి. ఎక్స్‌రేలో కనపడేంత నీరు చేరకముందే ఇది మొదలవుతుంది. పెద్దదైన గుండె ఛాతీలో జాగ కూడా ఆక్రమిస్తుంది. దాంతో నిండుగా పీల్చడం కష్టమై, చిన్న చిన్న శ్వాసలు వేగంగా వస్తాయి. మనం పీల్చే ప్రతి శ్వాసలో దాదాపు 150 మిల్లీలీటర్లు ముక్కు, గొంతు, శ్వాసనాళాల్లోనే ఉండిపోతాయి, రక్తం దాకా చేరవు. నిమిషానికి 16 సార్లు, ఒక్కోసారి 500 చొప్పున పీలిస్తే మొత్తం 8 లీటర్లు, అందులో పనికొచ్చేది 5.6 లీటర్లు. అదే 30 సార్లు 300 చొప్పున పీలిస్తే మొత్తం 9 లీటర్లు, పనికొచ్చేది 4.5 మాత్రమే. ఎక్కువ రొప్పుతూ తక్కువ గాలి వాడుకోవడమన్న మాట. గస పెట్టే మనిషిని ‘ఇంకా గట్టిగా పీల్చు’ అని తొందరపెట్టొద్దనేది ఇందుకే. నెమ్మదిగా వదలమనండి, తర్వాతి శ్వాస దానంతట అదే లోతుగా వస్తుంది.

మూడోది కాళ్ల నుంచి వచ్చే కేక. దీన్ని చాలామంది పట్టించుకోరు. నెలల తరబడి రక్తం తక్కువగా అందితే, దానికి తోడు మనిషి మంచానికే పరిమితమైతే, తొడ కండరాలు సన్నబడతాయి. కండరాల్లో శక్తి తయారుచేసే మైటోకాండ్రియా తగ్గుతుంది, సన్నటి రక్తనాళాలు తగ్గుతాయి. ఎక్కువసేపు పనిచేసే పోగులు తగ్గి, తొందరగా అలసిపోయే పోగుల వంతు పెరుగుతుంది. నాలుగు అడుగులకే లాక్టేట్ (ఆక్సిజన్ చాలనప్పుడు కండరంలో తయారయ్యే పదార్థం) పేరుకుంటుంది. కండరంలోని నరాలు వెంటనే మెదడుకు కబురు పెడతాయి, మెదడు ఊపిరి వేగం పెంచుతుంది. అలిసింది కాళ్లు, రొప్పేది ఛాతీ. ఊపిరి పీల్చే డయాఫ్రమ్ కూడా కండరమే కాబట్టి దానికీ ఇదే గతి పడుతుంది. మోటరు చిన్నదవడం ఒక సమస్య, వాడక పిల్లకాలువలు పూడిపోవడం ఇంకో సమస్య. మోటరు సంగతి మందులు చూసుకుంటాయి. పూడిపోయిన కాలువలను తీసేది నడకే. ఈఎఫ్ పెద్దగా మారకపోయినా శిక్షణతో నడిచే దూరం పెరగడానికి కారణం ఇదే.

ఈఎఫ్ అంకె చూసి ఎవరు ఎంత నడవగలరో చెప్పలేం కూడా. 30 ఉండి రెండు కిలోమీటర్లు నడిచేవాళ్లున్నారు. ఈఎఫ్ 60 ఉండి గిన్నెలు తోమినా రొప్పేవాళ్లున్నారు. ముఖ్యంగా బీపీ, షుగర్, అధిక బరువు ఉన్న ఆడవాళ్లలో గుండె బాగానే పిండుతుంది, కానీ బిగుసుకుపోయి నిండదు. వాళ్లకు ‘ఎకో నార్మల్, గ్యాస్ వల్లే’ అని చెప్పి పంపేయడం పెద్ద పొరపాటు. ఎన్‌టీ ప్రో బీఎన్‌పీ అనే రక్తపరీక్ష ఇక్కడ చాలా అక్కరకొస్తుంది. నిలకడగా ఉన్న మనిషిలో అది 125 లోపు ఉంటే గుండె బలహీనత ఉండే అవకాశం తక్కువ. లావుగా ఉన్నవాళ్లలో మాత్రం ఇది అసలుకన్నా తక్కువగా కనపడొచ్చు.

మన ప్రాంతంలో మరో చిక్కు ఉంది. భూపాలపల్లి, గోదావరిఖని బొగ్గు గనుల్లో పనిచేసినవాళ్లు, ఏళ్ల తరబడి బీడీలు తాగినవాళ్లు, కట్టెల పొయ్యి పొగలో వంట చేసినవాళ్లు ఎందరో. వాళ్లకు ఊపిరితిత్తుల జబ్బూ గుండె జబ్బూ కలిసే ఉండొచ్చు. తేడా పట్టడానికి ఒక గుర్తు ఉంది. నడిచినప్పుడు ఆక్సిజన్ అంకె 97 నుంచి 88కి పడిపోతే, దాన్ని గుండె ఖాతాలో వేసి ఊరుకోకుండా ఊపిరితిత్తులూ చూపించాలి. కార్డియో పల్మనరీ పరీక్షలోనైతే ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. గుండె రోగి ఆగిపోయే సమయానికి ఇంకా ఆడించగల గాలి మిగిలే ఉంటుంది. ఊపిరితిత్తుల రోగికి అది దాదాపు అయిపోయి ఉంటుంది.

ఇప్పుడు నడక. ఎప్పుడు మొదలుపెట్టొచ్చంటే, కూర్చున్నప్పుడు దమ్ము లేకుండా, రెండు మూడు వారాలుగా మందుల మోతాదు నిలకడగా ఉండి, కాళ్ల వాపు, బరువు పెరగకుండా ఉన్నప్పుడు. బృహద్ధమని కవాటం (గుండె నుంచి ఒంటికి రక్తం వెళ్లే ద్వారం) బాగా సన్నబడినవాళ్లు, కళ్లు తిరిగి పడిపోయినవాళ్లు, కొత్తగా ఛాతీనొప్పి వస్తున్నవాళ్లు డాక్టర్ చూడకుండా మొదలుపెట్టకూడదు.

ముందుగా ఆరు నిమిషాల నడక పరీక్ష ఒక్కసారి ఆసుపత్రిలో చేయించండి. దానికి మిషన్లేవీ అక్కర్లేదు. 30 మీటర్ల వరండా, గడియారం, కుర్చీ ఉంటే చాలు. తన వేగంతో నడుస్తాడు, కావాలంటే ఆగుతాడు, గడియారం మాత్రం ఆగదు. 300 మీటర్ల లోపు వస్తే పరిమితి ఎక్కువనే లెక్క. 300 మీటర్లంటే గంటకు 3 కిలోమీటర్ల వేగం మాత్రమే. రెండు మూడు నెలల తర్వాత మళ్లీ చేయించినప్పుడు 30 మీటర్లు పెరిగినా అది నిజమైన మెరుగే.

200 మీటర్లకు రెండుసార్లు ఆగే మనిషితో ‘రోజూ అరగంట నడువు’ అంటే మూడోరోజుకే మానేస్తాడు. ముక్కలు చేయాలి. మొదటి వారం ఒక నిమిషం నడక, ఒక నిమిషం కూర్చోవడం, ఇలా ఆరుసార్లు, పొద్దునా సాయంత్రమూ. రెండో వారం రెండు నిమిషాల నడక, ఒక నిమిషం విశ్రాంతి, ఐదుసార్లు. నెల తిరిగేసరికి ఐదేసి నిమిషాలు మూడుసార్లు. ఎనిమిది పది వారాలకు ఆగకుండా 20-30 నిమిషాలు, వారానికి ఐదు రోజులు. ముందు కాలం పెంచండి, వేగం తర్వాత. మర్నాడు కూడా అలసట వదలకపోతే ఒక మెట్టు దిగండి, అంతేగాని మానొద్దు.

ఎంత గట్టిగా నడవాలన్నదానికి కొలత నాడి కాదు. మెటోప్రొలాల్, కార్వెడిలాల్, బిసోప్రొలాల్ లాంటి మందులు నాడిని పెరగనివ్వవు, కాబట్టి ‘220 లోంచి వయసు తీసెయ్’ అనే సూత్రం ఇక్కడ పనికిరాదు. నడుస్తూ ఒక పూర్తి వాక్యం మాట్లాడగలగాలి. రెండు మాటలకే ఊపిరి అందకపోతే వేగం ఎక్కువైనట్టు. ఆగిన ఐదు నిమిషాల్లో ఊపిరి కుదుటపడాలి. ఎక్కువసేపు ఆగకుండా నడిచే దశకు వచ్చాక మొదటి ఐదు నిమిషాలు, చివరి ఐదు నిమిషాలు బాగా నెమ్మదిగా నడవాలి. బీపీ తగ్గించే మందుల మీదున్న మనిషి హఠాత్తుగా ఆగితే రక్తం కాళ్లలో నిలిచిపోయి కళ్లు తిరుగుతాయి. తిన్న వెంటనే వద్దు, గంటన్నర రెండు గంటలు ఆగాలి.

ఊళ్లోనైతే చదునైన రోడ్డు, హనుమకొండకు వచ్చినప్పుడు భద్రకాళి బండ్, వడ్డేపల్లి చెరువు కట్ట లాంటి జాగలు బాగుంటాయి. పద్మాక్షి గుట్ట మెట్ల జోలికి ఇప్పుడే వద్దు. మే నెల ఎండల్లో పొద్దున ఏడు దాటాక బయట నడవకపోవడమే మంచిది. చెమటకు తోడు మూత్రం ఎక్కువ పోయే టార్సెమైడ్, ఫ్యూరోసెమైడ్ మందులు, డాపాగ్లిఫ్లోజిన్ ఉంటే బీపీ బాగా పడిపోవచ్చు. వాంతులు, విరేచనాలు పట్టుకున్న రోజు ఈ మందులు వేయాలో వద్దో డాక్టర్‌కు ఫోన్ చేసి అడగండి.

నడకతోపాటు తొడలకు బలం కావాలి. గోడకు ఆనించిన కుర్చీలోంచి చేతుల సాయం లేకుండా లేచి కూర్చోవడం ఎనిమిది నుంచి పదిసార్లు, కాస్త ఆగి ఇంకోసారి, వారానికి రెండు మూడు రోజులు. లేచేటప్పుడు ఊపిరి వదలాలి, బిగబట్టొద్దు. ఊపిరి కండరాల బలానికి వేరే చిన్న పరికరం ఉంటుంది, పీల్చేటప్పుడు అది అడ్డం పడుతుంది. పీల్చే బలంలో 30 శాతం అడ్డంతో మొదలుపెట్టి రోజుకు 20-30 నిమిషాలు, కనీసం ఎనిమిది వారాలు చేయిస్తారు. ఆపరేషన్ల తర్వాత ఇచ్చే మూడు బంతుల పరికరం వేరు. ఆ బంతుల పరికరం ఊపిరితిత్తులు తెరుచుకోవడానికే, బలం పెంచడానికి కాదు. ప్రాణాయామం అడుగుతారు కాబట్టి చెబుతున్నాను. నాలుగు సెకన్లు పీల్చి, ఆరు సెకన్లు వదిలే నెమ్మది శ్వాస, అంటే నిమిషానికి ఆరు, మంచిదే. కపాలభాతి, భస్త్రిక, కుంభకం (ఊపిరి బిగబట్టడం) మాత్రం వద్దు.

వంగితే దమ్ము రావడం కూడా ఈ జబ్బు లక్షణమే. చెప్పులు తొడుక్కోవడానికి వంగిన అర నిమిషంలోనే గస వస్తే గుండెలో ఒత్తిడి ఎక్కువగా ఉందని అర్థం చేసుకోవాలి, తర్వాతి చెకప్‌లో తప్పక చెప్పాలి. పత్తి ఏరడం, కలుపు తీయడం, బకెట్ నీళ్లు మోయడం నడక కన్నా కష్టమైన పనులు. స్నానం స్టూలు మీద కూర్చుని గోరువెచ్చని నీళ్లతో, లెట్రిన్‌కు ఎత్తు కమోడ్, మలబద్ధకం లేకుండా చూసుకోవడం, ఇవి చిన్నవే అయినా రోజంతా మిగిలే శక్తిని మారుస్తాయి.

మీ బాపు విషయంలో ముందుగా చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. స్టెంట్ వేసి ఏడాదే అయింది కాబట్టి మందుల చీటీలో టికాగ్రెలార్ (స్టెంట్‌లో రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు) ఉందేమో చూడండి. దాని వల్లే వంద మందిలో పది మందికి పైగా దమ్ము వస్తుంది, కూర్చున్నప్పుడు కూడా. ఉంటే డాక్టర్‌ను అడిగి మార్పించుకోవాలి. మీరే ఆపేస్తే స్టెంట్ మూసుకుపోయే ప్రమాదముంది. రెండోది ఇనుము. హిమోగ్లోబిన్ బాగున్నా ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ చూపే రక్తపరీక్ష) 100 లోపు ఉంటే, లేదా 100-299 మధ్య ఉండి ట్రాన్స్‌ఫెరిన్ శాచురేషన్ (రక్తంలో తిరిగే ఇనుము ఎంతుందో చూపేది) 20 శాతం లోపు ఉంటే లోపమనే లెక్క. ఇలాంటివాళ్లకు మాత్రలతో నడిచే ఓపిక పెరగదు, నరం ద్వారా ఇచ్చే ఇనుముతో పెరుగుతుంది. మూడోది మోకాళ్ల నొప్పులకు ఆర్‌ఎంపీ దగ్గర వేయించుకునే డైక్లోఫెనాక్ సూది. అది ఒంట్లో ఉప్పునూ నీటినీ పట్టి ఉంచుతుంది, నెలల కష్టం రెండు సూదులతో పోతుంది. గ్యాస్‌కని తాగే సోడా పొడుల్లోనూ సోడియమే ఉంటుంది.

ఉప్పు రోజుకు అన్నింట్లో కలిపి ఒక చిన్న చెంచా, 5 గ్రాములు దాటొద్దు. కూరలో తగ్గించి పక్కన మామిడికాయ తొక్కు, అప్పడం వేసుకుంటే తగ్గినట్టు కాదు. బజారులో దొరికే తక్కువ సోడియం ఉప్పు కూడా కొనొద్దు. అందులో పొటాషియం ఉంటుంది, స్పిరోనోలాక్టోన్ లాంటి మందులతో కలిస్తే రక్తంలో పొటాషియం ప్రమాదకరంగా పెరగొచ్చు.

కరోనా కాలంలో కొన్న ఆక్సిజన్ కాన్సంట్రేటర్ ఇంట్లో ఉంటే, 97 ఉన్న మనిషికి పెట్టి లాభం లేదు, బావి నిండే ఉంది కదా. ఉబ్బసానికి వాడే సాల్బుటమాల్ నెబ్యులైజర్ అలవాటు చేయడం కూడా మంచిది కాదు. గుండె వేగం పెరుగుతుంది, అసలు జబ్బు దాని చాటున ముదురుతుంది.

రోజూ పొద్దున మూత్రానికి వెళ్లొచ్చాక, ఏమీ తినకముందు, అదే కాటా మీద బరువు చూసి రాయండి. మూడు రోజుల్లో 2 కిలోలు పెరిగితే నడక ఆపి డాక్టర్‌ను కలవాలి. ఒక దిండు సరిపోయే మనిషి రెండు మూడు అడిగినా, నిద్రలోంచి ఉలిక్కిపడి లేచి కూర్చున్నా అంతే. కూర్చున్నా దమ్ము తగ్గకపోవడం, నురగ తెమడ, పెదవులు నీలంగా మారడం, ఛాతీనొప్పి, స్పృహ తప్పడం, వీటిలో ఏది కనపడినా కాళ్లు కిందికి వేలాడేసి కూర్చోబెట్టి (స్పృహ లేకపోతే పక్కకు పడుకోబెట్టి) వెంటనే 108కి ఫోన్ చేయండి. పరకాల నుంచి హనుమకొండ చేరేసరికే చాలా సమయం పోతుంది, కాబట్టి ‘తెల్లారనీ’ అని ఆగొద్దు.

ఈసారి చెకప్‌కు బరువులు రాసిన కాగితం, ఆరు నిమిషాల దూరం, మొత్తం మందుల చీటీ పట్టుకెళ్లండి. చీటీలో నాలుగు రకాల మందులు ఉన్నాయా అని అడగండి: సాకుబిట్రిల్-వాల్సార్టన్ లేదా రామిప్రిల్ లాంటిది, బీటా బ్లాకర్, స్పిరోనోలాక్టోన్ లేదా ఎప్లెరెనోన్, డాపాగ్లిఫ్లోజిన్ లేదా ఎంపాగ్లిఫ్లోజిన్. ఏదైనా లేకపోతే ఎందుకు లేదో, ఉన్నవాటి మోతాదు ఇంకా పెంచొచ్చేమో అడగండి. ఈఎఫ్ 35, అంతకన్నా తక్కువ ఉంది కాబట్టి ఈసీజీ చూసి ఛాతీలో గుండె లయను కాపాడే పరికరం అమర్చాల్సిన అవసరం ఉందో లేదో కూడా అప్పుడే తేల్చుకోండి. ఒకవేళ షాక్ ఇచ్చే పరికరం పెడితే, అది ఏ నాడి వేగం దగ్గర షాక్ ఇస్తుందో అడిగి రాసుకోండి. నడకలో నాడి దానికి కనీసం 10-20 తక్కువలోనే ఉండాలి.